ఏమీ వద్దనే అమ్మకు ఏమివ్వాలి?

అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు. ‘‘నాకెందుకురా ఇప్పుడు? ఉన్నవే కట్టుకోవడం లేదు.’’ పుట్టినరోజుకైనా అదే మాట, షష్టిపూర్తికైనా అదే మాట. పోనీ చెప్పకుండా కొని పట్టుకెళ్తే ముందు ధర అడుగుతుంది. ఎంత తగ్గించి చెప్పినా ‘‘అంత పోసి తేకపోతేనేం’’ అంటుంది. గిఫ్టు పేపరును చిరగకుండా విప్పి, మడతపెట్టి పరుపు కింద దాస్తుంది. లోపలి వస్తువు బీరువాకెక్కుతుంది. ఏడాది తిరిగేసరికి ఏ గృహప్రవేశంలోనో అది పిన్ని చేతిలో కనిపిస్తుంది.

ఇంట్లో అందరూ నవ్వుకుని వదిలేసే సంగతే ఇది. కానీ కానుకలు ఎందుకు గురి తప్పుతాయన్న ప్రశ్నను ఆర్థికవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా తవ్వుతూనే ఉన్నారు. ఇచ్చేవాళ్లు ఏమనుకుని ఇస్తారు, పుచ్చుకునేవాళ్లు ఏమనుకుని పుచ్చుకుంటారు అని వేర్వేరుగా అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ పరిశోధనలన్నీ కలిపి చదివితే ఒక విషయం తేలుతుంది. అమ్మకు కోరికలు లేకపోవడం వల్ల ఈ చిక్కు రాలేదు. ఆమె కోరికలు కనుక్కోవడానికి మనం వాడే పద్ధతిలోనే లోపం ఉంది.

ధర ఒకటి, విలువ ఇంకొకటి

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ఒక చిన్న వ్యాసం ప్రచురించి పెద్ద దుమారం లేపాడు. యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులను ఆయన రెండు ప్రశ్నలు అడిగాడు. క్రిస్మస్‌కు మీకు వచ్చిన కానుకలకు ఇచ్చినవాళ్లు ఎంత పెట్టి ఉంటారు? అవే వస్తువులు మీరే కొనుక్కోవాల్సి వస్తే ఎంత పెడతారు? రెండో అంకె మొదటిదాని కంటే తక్కువ వచ్చింది. కానుకల మీద పెట్టిన సొమ్ములో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఎవరికీ దక్కకుండా ఆవిరైపోతోందని ఆయన లెక్కగట్టాడు. తాతయ్యలు, అమ్మమ్మలు, మేనత్తల వంటి దూరపు తరం ఇచ్చిన వస్తువుల్లో ఈ నష్టం ఎక్కువ. స్నేహితులు ఇచ్చినవాటిలో తక్కువ.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. వస్తువుతో ముడిపడిన మమకారాన్ని పక్కనపెట్టి విలువ కట్టండని వాల్డ్‌ఫోగెల్ ముందే షరతు పెట్టాడు. కానుకలోంచి మమకారం తీసేశాక మిగిలేది సరుకే. 1996లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అదే పత్రికలో దీనికి జవాబు రాశారు. వాళ్లు చేసిన సర్వేలో ఫలితం తిరగబడింది. మొత్తం మీద జనం తమకొచ్చిన కానుకలకు వాటి ధర కంటే ఎక్కువ విలువే కట్టారు. రెండు వ్యాసాలూ కలిపి చెప్పేదేమిటంటే, సరుకుగా నష్టపోయిన కానుకను గెలిపించేది దాని వెనకున్న మనిషి.

మన ఇళ్లలో అమ్మకు బంగారం కొనే అలవాటును ఈ వెలుగులో చూడవచ్చు. గ్రాము ధర పత్రికలో రోజూ పడుతుంది కాబట్టి ఇచ్చినవాళ్ల లెక్కకూ పుచ్చుకున్నవాళ్ల లెక్కకూ పెద్ద తేడా రాదు. తరుగు, మజూరీ పోను మిగతాదంతా ఆమె చేతిలోనే ఉంటుంది. నగదు చేతిలో పెడితే చిన్నబుచ్చుకునే అమ్మ కూడా, దాదాపు నగదే అయిన గాజును కాదనదు. ఆర్థికవేత్తలకు ఇంతకంటే భద్రమైన కానుక దొరకదు. కాకపోతే అది లాకర్లోకి వెళ్తుంది, ఆమె రోజు మాత్రం మారదు. రోజు మారాలంటే ఆమె రోజు ఎలా గడుస్తుందో తెలియాలి.

కడుపున పుట్టినా తెలియనిది

‘మా అమ్మ సంగతి నాకు తెలియదా’ అనే ధీమా దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. 2006లో డేవీ లెరూజ్, లుక్ వార్లాప్ అనే ఇద్దరు పరిశోధకులు దంపతుల మీద చేసిన ప్రయోగాలు ఇందుకు సాక్ష్యం. పడకగది సామాను నమూనాలు చూపించి, వీటిలో మీ జీవిత భాగస్వామికి ఏవి నచ్చుతాయో చెప్పమన్నారు. మధ్యమధ్యలో అసలు జవాబులు చెబుతూ, సరిదిద్దుకునే అవకాశమూ ఇచ్చారు. అపరిచితుల ఇష్టాలను ఊహించేటప్పుడు జనం ఆ సమాచారాన్ని జాగ్రత్తగా విన్నారు. సొంత భాగస్వామి విషయం వచ్చేసరికి, మనసులో అప్పటికే గీసుకున్న బొమ్మను నమ్ముకుని, కళ్లముందున్న జవాబును అంతగా పట్టించుకోలేదు. దగ్గరితనం వాళ్ల నమ్మకాన్ని పెంచింది, గురిని పెంచలేదు.

తల్లీపిల్లల మధ్య ఈ బొమ్మ మరీ పాతది. చదువుకోసమో ఉద్యోగంకోసమో ఇల్లు వదిలిన పిల్లల మనసులో అమ్మ ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. అప్పట్లో ఆమెకు గద్వాల చీరలంటే ప్రాణం. ఇప్పుడు మోకాళ్ల నొప్పులొచ్చి మెత్తటి నూలు చీర తప్ప కట్టడం లేదు. మనం మాత్రం గద్వాల చీరే కొంటాం.

అయితే ఆమె స్థానంలో మనల్ని మనం ఊహించుకుంటే సరిపోతుందా? పెద్దలు చెప్పే సలహా అదే. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన ఈ సలహా మీద నీళ్లు చల్లింది. ఇరవై అయిదు ప్రయోగాల్లో వాళ్లు ఒకే సంగతి పరీక్షించారు: అవతలివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచిస్తే వాళ్ల మనసు మరింత సరిగ్గా అందుతుందా? అందలేదు. కొన్నిచోట్ల గురి ఇంకాస్త తగ్గింది కూడా. ఊహించినవాళ్లకు ‘నాకు అర్థమైంది’ అన్న తృప్తి మిగిలింది, అంతే. గురిని నిజంగా పెంచినది ఒక్కటే, నేరుగా అడగడం.

ఇక్కడే మన కథ అడ్డం తిరుగుతుంది. అడిగితే ‘ఏమీ వద్దు’ అంటుంది కదా! నిజమే. ‘నీకేం కావాలి’ అన్న ప్రశ్నకు మన అమ్మలు ఆ జవాబే ఇస్తారు. ఆ ప్రశ్న ఆమెను ఖర్చు గురించి ఆలోచింపజేస్తుంది, పిల్లల జేబు గుర్తుచేస్తుంది. అడగాల్సింది వస్తువు గురించి కాదు, రోజు గురించి. పొద్దున లేవగానే ఏ పనికి విసుగేస్తోంది? మిక్సీ జారు మూత ఇంకా చేత్తో పట్టుకునే తిప్పుతున్నావా? మధ్యాహ్నం ఎవరితో మాట్లాడావు? రాత్రి నిద్ర ఎలా పడుతోంది? ఈ ప్రశ్నలకు ఏ అమ్మా ‘వద్దు’ అనదు. గంటసేపు చెబుతుంది. కానుక జాబితా ఆ గంటలోనే ఉంటుంది.

విప్పే క్షణం, వాడే ఏడాది

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ గాలక్ తన సహచరులు జూలియన్ గీవి, ఎలనార్ విలియమ్స్‌తో కలిసి 2016లో కానుకల పరిశోధనలన్నిటినీ సమీక్షించాడు. చెల్లాచెదురుగా ఉన్న ఫలితాలను ఒక్క సూత్రం కిందకు తెచ్చాడు. ఇచ్చేవాళ్ల కన్ను కానుక విప్పే క్షణం మీద ఉంటుంది. పుచ్చుకునేవాళ్ల కన్ను ఆ తర్వాత వాడబోయే కాలం మీద ఉంటుంది. మనకు ఆమె ముఖంలో ఆశ్చర్యం కావాలి. ఆమెకు వచ్చే ఏడాదంతా అది పనికిరావాలి.

ఈ తేడా నుంచి చాలా పొరపాట్లు పుడతాయి. ఎర్నెస్ట్ బాస్కిన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. ఒకటి బాగా పేరున్న రెస్టారెంటు, కానీ చాలా దూరం. ఇంకొకటి ఓ మోస్తరుది, కానీ ఇంటి దగ్గర. ఇచ్చేవాళ్లు గొప్పదానివైపు మొగ్గారు. పుచ్చుకునేవాళ్లు దగ్గరిదానికి ఎక్కువ విలువిచ్చారు. గొప్పతనం ఇచ్చేవాళ్లకు కనిపిస్తుంది. శ్రమ పుచ్చుకునేవాళ్లకు తెలుస్తుంది. అమ్మకు కొనిచ్చే పదకొండు బ్లేడ్ల ఫుడ్ ప్రాసెసర్ సరిగ్గా ఈ గోతిలోనే పడుతుంది. తీసి బిగించి, వాడి, విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పైఅరలో పెట్టేసరికి ఆమె కత్తిపీటతో కూరంతా తరిగేసి ఉండేది.

ధర సంగతీ ఇంతే. గాబ్రియెల్ ఆడమ్స్, ఫ్రాంక్ ఫ్లిన్ 2009లో పెళ్లి నిశ్చయ ఉంగరాలు మొదలుకొని పుట్టినరోజు కానుకల దాకా పరిశీలించారు. ఎక్కువ ఖర్చుపెడితే ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చేవాళ్లు అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్ల మెప్పుకూ ధరకూ సంబంధమే కనిపించలేదు. విచిత్రమేమంటే, ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ వేర్వేరు మనుషులేం కాదు. మనమే ఒకసారి ఇస్తాం, ఇంకోసారి పుచ్చుకుంటాం. పాత్ర మారగానే రెండోవైపు ఎలా ఉండేదో మరచిపోతాం.

మమకారపు కానుకల దగ్గర భయం కూడా తోడవుతుంది. గీవి, గాలక్ 2017లో ప్రచురించిన ప్రయోగంలో రెండు ఫొటో ఫ్రేములు పెట్టారు. ఒకదానిలో పుచ్చుకునేవాళ్లకు ఇష్టమైన సంగీతకారుడు. రెండోదానిలో ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ కలిసి దిగిన ఫొటో. పుచ్చుకునేవాళ్లు రెండోదాన్ని కోరుకున్నంతగా ఇచ్చేవాళ్లు దాన్ని ఎంచుకోలేదు. ఇష్టమని తెలిసిన వస్తువు ఖాయంగా నచ్చుతుందని ధైర్యం. జ్ఞాపకాన్ని ఇస్తే నచ్చుతుందో లేదో అని జంకు. ఆ జంకుతో మంచి కానుకను వదిలేసి, ఫర్వాలేదనిపించే కానుకతో సరిపెట్టుకుంటాం.

అమ్మకీ అత్తయ్యకీ ఒకేసారి కొనేవాళ్లకు ఇంకో హెచ్చరిక ఉంది. మేరీ స్టెఫెల్, రాబిన్ లెబఫ్ 2014లో చూపించిన ప్రకారం, ఇద్దరికి కలిపి కొనేటప్పుడు జనం తేడా చూపించాలని తాపత్రయపడతారు. ఇద్దరికీ ఒకే వస్తువు బాగా నచ్చుతుందని తెలిసినా, ఒకరికి అది కొని రెండోవాళ్లకు అంతగా నచ్చనిది కొంటారు. ఇద్దరికీ ఒకే రకం కాళ్లు నొక్కే యంత్రం కావాలంటే రెండూ ఒకేలాంటివి కొనడమే మేలు. ఎవరి ఇంట్లో వాళ్లు వాడుకుంటారు, పోల్చిచూసుకునేది మనమొక్కరమే.

అరవై దాటాక మారే కోరికలు

పాతికేళ్ల పిల్లలు తమ వయసు కోరికలతో అరవై అయిదేళ్ల అమ్మకు కానుక వెతకడం ఇంకో చిక్కు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్‌సన్ దశాబ్దాలుగా పరిశోధిస్తున్న సిద్ధాంతం ఇక్కడ ఉపయోగపడుతుంది. ముందు చాలా కాలం ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త విషయాలు, కొత్త మనుషులు, కొత్త అనుభవాల కోసం వెతుకుతాడు. కాలం పరిమితమని తోచినప్పుడు మనసుకు దగ్గరైన కొద్దిమంది మీద, అర్థవంతమైన వాటి మీద దృష్టి నిలుపుతాడు. ఇది నిరాశ కాదు, ఎంపిక.

హెలీన్ ఫంగ్, కార్‌స్టెన్‌సన్ 2003లో దీన్ని వ్యాపార ప్రకటనలతో పరీక్షించారు. బొమ్మ ఒకటే, నినాదాలు రెండు. కెమెరా ప్రకటన ఒకదానిలో కొత్త ప్రపంచాన్ని చూడమన్న పిలుపు ఉంటే, మరొకదానిలో అపురూపమైన క్షణాలను దాచుకోమన్న పిలుపు ఉంది. పెద్దవయసువాళ్లు రెండోదాన్నే ఎక్కువగా ఇష్టపడ్డారు, దాన్నే బాగా గుర్తుపెట్టుకున్నారు. కానీ ‘మీరు ఇంకా చాలా ఏళ్లు ఆరోగ్యంగా బతుకుతారనుకోండి’ అని ముందుగా ఊహించమన్నప్పుడు ఆ మొగ్గు పోయింది. అంటే కోరికను మారుస్తున్నది ఒంట్లోని వయసు కంటే, ముందున్న కాలం గురించిన అంచనా.

అమిత్ భట్టాచార్జీ, కాసీ మొగిల్నర్ 2014లో ఇంకో కోణం చూపించారు. యువత అరుదైన అనుభవాల నుంచి ఎక్కువ ఆనందం పొందుతుంది. వయసు పెరిగేకొద్దీ రోజువారీ మామూలు సంగతులు కూడా దాదాపు అంతే ఆనందం ఇస్తాయి. పొద్దుటి కాఫీ, మనవరాలి వీడియో కాల్, మేడమీద పూసిన మల్లె. అందుకే దుబాయ్ టికెట్టుకు ఉత్సాహపడని అమ్మ, కుండీలో పెంచుకునే కొత్త మందారం అంటుకు ముచ్చటపడుతుంది.

మనసే కాదు, ఒళ్లూ మారుతుంది. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుగులో సుమారు మూడో వంతే అరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరుతుంది. హాల్లో ఒక్క ట్యూబులైటు కింద పిల్లలు హాయిగా చదువుతుంటే, అదే వెలుగులో అమ్మ భాగవతం పుస్తకాన్ని మూసేసి ‘కళ్లు లాగుతున్నాయి’ అంటుంది. ఆమె కూర్చునే కుర్చీ పక్కన, పుస్తకం మీద మాత్రమే పడేలా అమర్చిన మంచి దీపం ఖరీదు తక్కువ. దాని వెనక శరీరశాస్త్రం మాత్రం గట్టిది. చేతి పట్టు కూడా వయసుతో తగ్గుతుంది కాబట్టి బరువైన పింగాణీ సెట్టు కంటే తేలిగ్గా మూత తిరిగే డబ్బాలు మేలు. కొత్త ఫోను కొనిస్తే దానితోపాటు అక్షరాల సైజు పెంచి, రోజూ మాట్లాడే నలుగురి నంబర్లూ మొదటి తెరమీద పెట్టి ఇవ్వాలి. పెట్టెలో ఉన్న ఫోను సగం కానుకే, ఆ అమరికే మిగతా సగం.

తనకోసం ఖర్చంటే తప్పనిపించే మనిషి

ఆమె ‘వద్దు’లో నిజమైన అనిచ్ఛ ఎంత, అలవాటైన సంకోచం ఎంత? రాన్ కివెట్జ్, ఇటామర్ సైమన్‌సన్ 2002లో ప్రచురించిన పరిశోధన ఈ సంకోచాన్ని పట్టుకుంది. బహుమతిగా నగదు కావాలా, అంతే విలువైన విలాసం కావాలా అని అడిగితే, నగదుతో కావాలంటే ఆ విలాసాన్నే కొనుక్కోవచ్చు కాబట్టి అందరూ నగదే తీసుకోవాలి. కానీ చాలామంది మసాజ్ వంటి విలాసాన్నే ఎంచుకున్నారు. వాళ్లు చెప్పిన కారణం సూటిగా ఉంది: నగదు ఇస్తే అది సరుకులకో బిల్లులకో పోతుంది, ఇలా అయితేనే విలాసం దక్కుతుంది. తమ మీద తాము ఖర్చు చేసుకోలేని తమ బలహీనత వాళ్లకు తెలుసు. కివెట్జ్ తర్వాత అనట్ కైనన్‌తో కలిసి చేసిన పనిలో ఇంకో సంగతి తేలింది. అప్పటికప్పుడు విలాసపడినందుకు బాధ కలుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బాధ పోయి, అప్పుడు అనుభవించలేదే అన్న బాధ మిగులుతుంది.

మన అమ్మల్లో ఎక్కువమంది ఈ కోవకే వస్తారు. చేతికి అయిదువేలు ఇస్తే గ్యాసుకీ పనమ్మాయి జీతానికీ పోతాయి. అదే డబ్బుతో మైసూరు శాండల్ సబ్బుల పెట్టె, ఆమెకిష్టమైన స్వీటు దుకాణం నుంచి నెలనెలా ఇంటికొచ్చే పూతరేకులు, సంగీత కచేరీకి ముందే కొన్న టికెట్టు తెచ్చిపెడితే వాటిని సరుకుల్లోకి మళ్లించే వీలుండదు. తను కొనుక్కోదు, కానీ వస్తే వాడుతుంది. ఏమీ వద్దనే అమ్మల విషయంలో బాగా పనికొచ్చే సందు ఇదే.

గంటలు కొనిపెట్టడం

జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే వెచ్చించారు. అదే పని చేసే మగవాళ్లు వెచ్చించినది 97 నిమిషాలు. నాన్నకు ఉద్యోగ విరమణ ఉంటుంది, శాలువా కప్పి సన్మానమూ ఉంటుంది. ఈ అయిదు గంటల ఉద్యోగానికి విరమణ తేదీ లేదు.

ఆష్లీ విలన్స్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లకు చెందిన ఆరువేల మందికి పైగా పాల్గొన్నారు. కాలం మిగుల్చుకోవడానికి డబ్బు ఖర్చుచేసేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. వాంకూవర్‌లో అరవైమంది ఉద్యోగులకు రెండు వారాంతాల్లో నలభై డాలర్ల చొప్పున ఇచ్చారు. ఒకసారి వస్తువు కొనమన్నారు, ఇంకోసారి కాలం మిగిలే సేవ కొనమన్నారు. కాలం కొన్న రోజున వాళ్లు ఎక్కువ హాయిగా ఉన్నారు. మరో 98 మంది ఉద్యోగులను నలభై డాలర్లు వస్తే ఏం చేస్తారని అడిగితే, కాలం మిగుల్చుకుంటామన్నవాళ్లు 2 శాతమే. మేలు చేసేదైనా దాదాపు ఎవరూ తమంతట తాము కొనుక్కోరన్నమాట. అలాంటిది ఇంకొకరు ఇవ్వడానికి చక్కగా సరిపోతుంది.

అయితే మన ఇళ్లలో ఇందులో ఒక చిక్కు ఉంది. వంటమనిషిని పెడితే ‘నా వంట నచ్చడం లేదా’ అన్న అనుమానం రావచ్చు. వంట ఆమెకు చాకిరీ మాత్రమే కాదు, ఇంట్లో ఆమె అధికారమూ అదే. కాబట్టి ఏ గంట తీసేయాలో ఆమెనే ఎంచుకోమనాలి. చాలామందికి వంట కాదు, అంట్లు బరువు. కొందరికి కరెంటు బిల్లు, బ్యాంకు పని, మందుల షాపు తిరుగుడు బరువు. ఆ ఒక్క పనిని ఏడాదిపాటు మన నెత్తిన వేసుకుంటే అది కొట్లో దొరకని కానుక.

పుచ్చుకునే కష్టం

ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో వెలువడిన తన ప్రసిద్ధ రచనలో కానుక చుట్టూ మూడు బాధ్యతలుంటాయన్నాడు: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. నోములు పట్టే తెలుగింటి ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చినామెతో పాటు పుచ్చుకున్నామె కూడా పుచ్చుకున్నానని పైకి చెప్పాలి. పుచ్చుకోవడమూ అక్కడ ఒక క్రియే. రేపు ఆమె ఇంట్లో నోముకు ఈమె వెళ్తుంది, లెక్క సరిపోతుంది.

పిల్లల కానుక దగ్గర మాత్రం ఈ చక్రం ఆగిపోతుంది. జీవితమంతా ఇచ్చే స్థానంలో ఉన్న మనిషి ఒక్కసారిగా పుచ్చుకునే స్థానంలోకి రావడం కష్టం. అందుకే మన చీర అందుకున్న రోజే ఆమె కోడలికి ఇంకో చీర తీస్తుంది. అందుకే ఆమె బీరువాలో పెట్టుబడి చీరల అర ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మనమిచ్చింది పిన్నికి చేరిందని నొచ్చుకోవాల్సిన పనిలేదు. ఆడమ్స్, ఫ్లిన్, మైకేల్ నార్టన్ 2012లో ఈ చేతులు మారే కానుకల మీదే పరిశోధించారు. ఇచ్చినవాళ్లు చాలా నొచ్చుకుంటారని పుచ్చుకున్నవాళ్లు భయపడతారు. నిజానికి ఇచ్చినవాళ్లు అంతగా పట్టించుకోరు, ఇచ్చేశాక అది పుచ్చుకున్నవాళ్లదేనని అనుకుంటారు.

ఇక్కడి నుంచి ఒక అడుగు ముందుకెయ్యవచ్చు. ఎలిజబెత్ డన్, లారా ఆక్‌నిన్, నార్టన్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి అయిదు డాలర్లు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చి సాయంత్రం అయిదులోగా ఖర్చుపెట్టమన్నారు. తమకోసం పెట్టుకున్నవాళ్ల కంటే ఇతరులకోసం పెట్టినవాళ్లు ఎక్కువ సంతోషంగా కనిపించారు. మొత్తం ఎంతన్నది తేడా తేలేదు. ఏమీ వద్దనే అమ్మకు ఇచ్చే అవకాశాన్నే ఇస్తే? ఊళ్లో బడి పిల్లలకు ఆమె పేరున, ఆమె చేతులమీదుగా పుస్తకాలు. అక్కచెల్లెళ్లందరినీ ఆమె పిలిచి భోజనం పెట్టే ఒక రోజు, ఖర్చూ ఏర్పాట్లూ మనవి, పిలుపు ఆమెది. పుచ్చుకుంటూనే ఇచ్చే స్థానం నిలబెట్టుకోవచ్చు కాబట్టి దీనికి ఆమె ‘వద్దు’ అడ్డురాదు.

తెల్లపూలు, చేతిరాత

అమ్మలకోసం ఒక రోజు ఉండాలని పట్టుబట్టిన మనిషికి కానుకల వ్యాపారమంటే ఒళ్లుమంట. ఆనా జార్విస్ తల్లి 1905లో చనిపోయింది. 1908 మే 10న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని గ్రాఫ్టన్ చర్చిలో తల్లి జ్ఞాపకార్థం జరిగిన ప్రార్థనకు ఆనా, తల్లికి ఇష్టమైన 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మదర్స్ డేని ప్రకటించాడు. ఆ తర్వాత పూల వ్యాపారులు, గ్రీటింగ్ కార్డుల కంపెనీలు ఆ రోజును సొంతం చేసుకోవడం చూసి, 1948లో చనిపోయేదాకా ఆమె వాటితో పోరాడుతూనే ఉంది. ముఖ్యంగా అచ్చేసిన కార్డులంటే ఆమెకు పడేది కాదు. తల్లికి నాలుగు మాటలు సొంతంగా రాయలేని బద్ధకానికి అవి గుర్తని ఆమె వాదన.

ఆ పట్టుదలలో పస ఉందని అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాయమని కొందరిని అడిగి, చదివినవాళ్లు ఏమనుకుంటారో ఊహించమన్నారు. తర్వాత చదివినవాళ్లనూ అడిగారు. రాసినవాళ్లు అనుకున్నదానికంటే చదివినవాళ్లు ఎక్కువ ఆశ్చర్యపోయారు, ఎక్కువ సంతోషించారు. రాసినవాళ్లు భయపడినంత ఇబ్బంది పడలేదు. మాటల పొందిక సరిగ్గా కుదరదేమోనని రాసేవాళ్లు దిగులుపడితే, చదివేవాళ్లు అందులోని ఆప్యాయతనే చూశారు. మన ఇళ్లలో అమ్మకు ‘థ్యాంక్స్’ చెబితే నవ్వుతుంది, పరాయిదాన్ని చేశావంటుంది. అందుకే ఉత్తరంలో ఆ మాట అక్కర్లేదు. పదో తరగతి పరీక్షలప్పుడు తెల్లవారుజామున మనతోపాటు మేలుకుని కూర్చున్న సంగతి, గాజులు తాకట్టుపెట్టి కట్టిన ఫీజు సంగతి రాస్తే చాలు. గమనించామని ఆమెకు తెలియాలి.

మన కొలతతో చూస్తే

ఈ ప్రయోగాల్లో ఎక్కువభాగం అమెరికా విద్యార్థుల మీదో, ఇంటర్నెట్‌లో సర్వేలు నింపేవాళ్ల మీదో జరిగాయి. పాశ్చాత్య, చదువుకున్న, సంపన్న సమాజాల మనుషులు ప్రపంచ ప్రజల్లో ఒక ప్రత్యేక వర్గమనీ, వాళ్లను చూసి అందరి మనసులనూ అంచనా కట్టకూడదనీ జోసెఫ్ హెన్రిక్ బృందం 2010లోనే హెచ్చరించింది. మన దగ్గర పెళ్లి చదివింపులు పుస్తకంలోకి ఎక్కుతాయి. సారె పంపితే వీధి వీధంతా చూస్తుంది. నలుగురి ముందు ఇచ్చే కానుకలో ధరకు ఉండే పాత్ర, ఆ ప్రయోగాలు చూపినంత చిన్నది కాకపోవచ్చు. షష్టిపూర్తి పీటల మీద కూర్చున్న అమ్మకు దీపపు స్టాండు ఇస్తే బాగుండదు. అక్కడ పట్టుచీరే పెట్టాలి. అది ఆమెకు మాత్రమే ఇచ్చేది కాదు, చూసేవాళ్ల ముందు ఆమె స్థానాన్ని చెప్పేది.

కాబట్టి నలుగురి ముందు ఇచ్చే కానుకను, ఆమె రోజుకోసం ఇచ్చే కానుకను వేరుచేసుకోవడం తెలివైన పని. మొదటిదానికి ఆచారం దారి చూపిస్తుంది, దాంతో పెద్ద కష్టం లేదు. రెండోదాన్ని కొనేముందు ఒక్క లెక్క వేసుకోవాలి. ఆరునెలల తర్వాత వచ్చే ఏదో ఒక మంగళవారం, పండగా పబ్బమూ లేని రోజున, ఈ వస్తువు ఆమె చేతిలో ఏ సమయానికి ఉంటుంది? సమయం చెప్పగలిగితే కొనవచ్చు. చెప్పలేకపోతే ఆమె దినచర్య మనకు తెలియదన్నమాట. అప్పుడు దుకాణానికి బయలుదేరేముందు ఆమెకు ఫోన్ చేసి, పొద్దున్నించీ ఏం చేశావని అడగడం మంచిది. అడిగి ఇస్తే ఆశ్చర్యం పోతుందని సందేహించనక్కర్లేదు. తను చెప్పిన మాట పిల్లలకు గుర్తుండడమే ఆమెకు ఆశ్చర్యం.